మానవ వికాసం పేపరు ఎలా చదవాలి: వీధిలో ఆరుగురు మనుషులు, ఒక నోటుబుక్కు

తరగతులు మొదలై వారం తిరక్కముందే ప్రతి ఏడూ నాకు ఎదురయ్యేది ఒకటే ప్రశ్న. "మేడమ్, మానవ వికాసం పేపరుకు ఏ గైడు కొనాలి?" బీఈడీ పిల్లలు, హోం సైన్స్ పిల్లలు, నర్సింగ్‌లో చేరినవాళ్లు అడుగుతారు. డీఎస్సీ కోసం తిరుపతిలో రూము తీసుకుని చదివేవాళ్లయితే ఫోన్ చేసి మరీ అడుగుతారు. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి గొంతు పోయింది. అందుకే ఒకసారి కూర్చుని రాసేస్తున్నాను.

గైడు ఏదో ఒకటి కొనండి. అన్నింట్లోనూ అవే దశలు, అవే వయసులు. చిక్కు పుస్తకంలో లేదు, మనం చదివే వరసలో ఉంది. పట్టిక ముందు బట్టీ పట్టి ఆ తర్వాత బిడ్డ దగ్గరికి పోతే, ఎదురుగా ఉన్న బిడ్డ కనబడదు, పట్టికే కనబడుతుంది. "ఎనిమిదో నెల గదా, పాకుతుంది" అని రాసేస్తాం. ఆ బిడ్డ పాకకుండా పిరుదుల మీద జరుగుతూ పోతుంటుంది, మనం చూడం. ముందు మనిషిని చూడండి, పట్టిక తర్వాత తెరవండి. కింద చెప్పేదంతా ఈ వరస తప్పకుండా ఉండడానికే. వారానికి రెండు సాయంత్రాల చొప్పున ఆరు వారాల్లో అయిపోతుంది.

కావలసినవి

ముందుగా ఆరుగురు మనుషులు: ఏడాదిలోపు బిడ్డ, నాలుగేళ్ల పాప, ఎనిమిదేళ్ల పిల్లవాడు, పదిహేనేళ్ల అమ్మాయో అబ్బాయో, నలభై దాటినవాళ్లు ఒకరు, డెబ్బై దాటిన అవ్వో తాతో. ఒకే ఇంట్లో ముగ్గురు దొరికితే మరీ మేలు. హాస్టల్లో ఉండేవాళ్లకు దగ్గర్లో అంగన్‌వాడీ ఉంటుంది, మెస్సులో వండే అక్క ఉంటుంది, గేటు దగ్గర వాచ్‌మన్ తాత ఉంటాడు.

సామాను:
- గీతల నోటుబుక్కు ఒకటి, పెన్సిలు కాదు, పెన్ను. ఎందుకో నాలుగో మెట్టులో చెబుతాను.
- స్టీలు టేపు. దర్జీ గుడ్డ టేపు వద్దు, వాడేకొద్దీ సాగుతుంది.
- గట్టి అట్ట ఉన్న లావుపాటి పుస్తకం, బరువు చూసే మిషన్.
- ఒకే రకం స్టీలు గ్లాసులు రెండు, సన్నగా పొడుగ్గా ఉండేది ఇంకొకటి. కొంచెం మజ్జిగ.
- రెండు బొమ్మలు, ఒక తువ్వాలు, ఒక తాళాల గుత్తి.
- సెకన్లు చూపించే వాచీ. ఫోన్ అయినా సరే, కానీ వీడియో తీయకండి.

మెట్టు 1. అడిగి, ఒప్పించుకుని లోపలికి వెళ్లండి

"టెస్టు చేస్తాను" అనే మాట నోట రానివ్వకండి. ఆ మాట వినగానే తల్లి బిడ్డకు జవాబులు అందించడం మొదలుపెడుతుంది. "అక్కా, మా కాలేజీలో బిడ్డలు ఎట్లా పెరుగుతారో చూసి రాయమన్నారు. మీ పాప దగ్గర ఒక అర్ధగంట కూర్చోవచ్చా?" అనండి, చాలు. మీరు రాసింది చూపిస్తామనీ, అసలు పేరు ఎక్కడా రాయబోమనీ చెప్పండి. నోటుబుక్కులో పేరు బదులు 'బి1', 'బి2' అని గుర్తు పెట్టుకోండి.

మన పక్క పసిబిడ్డను కొలవడం చాలామంది పెద్దవాళ్లకు నచ్చదు, దిష్టి తగులుతుందంటారు. అక్కడ వాదన పెట్టుకోకండి. తల్లీబిడ్డల కార్డు చూపించమని అడగండి. అంగన్‌వాడీలో తూచిన బరువులు నెలల వారీగా అందులో ఉంటాయి, వాటిని ఎక్కించుకోండి. లేదా అంగన్‌వాడీలో తూకం వేసే రోజున వెళ్లి పక్కన నిలబడండి. బిడ్డ ఏడ్చినా, నిద్రకొచ్చినా, ఆకలేసినా ఆరోజుకు పని కట్టిపెట్టండి. ఆకలిగా ఉన్న బిడ్డ చేయని పనిని "చేయలేదు" అని రాస్తే అది బిడ్డ తప్పు కాదు.

మెట్టు 2. వయసు సరిగ్గా కట్టండి

అందరూ తేలిగ్గా దాటేసే మెట్టు ఇది. తక్కిన లెక్కలన్నీ దీని మీదే నిలబడతాయి.

పసిబిడ్డకు సంవత్సరాలు కాదు, నెలలు, రోజులు కావాలి. "ఎనిమిదో నెల" అని తల్లి అంటే ఎనిమిది నిండాయా, ఏడు నిండి ఎనిమిదిలో ఉందా? మనవాళ్లు నడుస్తున్న నెలను చెబుతారు. పట్టికలు నిండిన నెలలను లెక్కపెడతాయి. ఇక్కడే ఒక నెల పోతుంది. పుట్టిన తేదీ కార్డులో చూసి మీరే కట్టండి.

నెలలు నిండకముందే పుట్టిన బిడ్డయితే ఇంకో లెక్క ఉంది. 40 వారాలకు ఎన్ని వారాలు తక్కువో అన్నీ తీసేయాలి. 32 వారాలకు పుట్టిన బిడ్డకు ఈరోజు ఎనిమిది నెలలు నిండితే, 8 వారాలు తీసేసి, సుమారు ఆరు నెలల బిడ్డగా చూడాలి. రెండేళ్లు వచ్చేదాకా ఇదే పద్ధతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఈ సంగతి అడగకుండా ఒక తల్లితో "ఇంకా కూర్చోవడం లేదే" అనేశాను. బిడ్డ రెండు నెలల ముందు పుట్టిందని ఆమె చెప్పేసరికి నా మొహం చెల్లలేదు. పాపం ఆమె అప్పటికే ఇద్దరు డాక్టర్లకు చూపించుకుని వచ్చింది.

బడి పిల్లలకు బడి రికార్డు తేదీని నమ్మకండి. చేర్చడానికి వీలుగా జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేయించిన ఇళ్లు మన చుట్టూ ఎన్ని లేవు! ఇంట్లో అడగండి. "గంగజాతరకు ముందా, తర్వాతా?" అంటే టక్కున చెబుతారు. "2021 నవంబరు వరదలప్పుడు చంకలో ఉండె" అన్నా మనకు ఒక ఆనవాలే.

అవ్వాతాతల దగ్గర ఆధార్ కార్డులో ఉన్నది చాలాసార్లు అంచనా వయసే. లోకానికి తెలిసిన సంఘటనల చుట్టూ అడగండి. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు పడింది 1944లో, రెండోది 1974లో. రామారావు ముఖ్యమంత్రి అయింది 1983 జనవరిలో, ఇందిరాగాంధీ చనిపోయింది 1984 అక్టోబరులో. "ఇందిరమ్మ చచ్చిపోయినప్పుడు మీ పెద్దోడు చంకలో ఉండాడా, బడికి పోతా ఉండాడా?" అని అడిగితే లెక్క దానంతటదే వస్తుంది. ఒక సంఘటనతో సరిపెట్టుకోకండి. రెండింటితో కట్టి, రెండూ దగ్గరగా వస్తే రాసుకోండి.

మెట్టు 3. కొలవండి

*పొడవు, ఎత్తు.* రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి కొలవాలి, రెండేళ్లు దాటితే నిలబెట్టి. పడుకున్న కొలత నిలబడిన దానికన్నా సుమారు 0.7 సెంటీమీటరు ఎక్కువ వస్తుంది. ఒకసారి అట్లా, ఒకసారి ఇట్లా కొలిచి "పెరగలేదు" అనుకోకండి.

పడుకోబెట్టి కొలవడానికి ఇద్దరు కావాలి. ఒకరు తలను గోడకు ఆనించి పట్టుకుంటారు, ఇంకొకరు మోకాళ్లు చాపి, పాదాలకు పుస్తకం అట్ట నిటారుగా ఆనిస్తారు. పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్లు, ఏడాదికి 75, నాలుగేళ్లకు 100 దగ్గర ఉంటారని గుర్తు పెట్టుకుంటే మీ కొలత దారిలో ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

పెద్దపిల్లల్ని చెప్పులు విప్పించి గోడకు నిలబెట్టండి. మడమలు, పిరుదులు, భుజాలు గోడకు తగలాలి. చూపు నేరుగా ముందుకు, గడ్డం పైకెత్తకూడదు. నెత్తిమీద పుస్తకం పెట్టి, గోడకు తగిలిన చోట గీత గీయండి. మన ఊళ్లో ఇంకో తమాషా ఉంది. ఒకసారి కొప్పుతో కొలిచిన పాప, కొండకుపోయి గుండు కొట్టించుకుని వచ్చాక కొలిస్తే, కురచైపోయినట్టు వస్తుంది! జడను పక్కకు తీసి, పుస్తకాన్ని జుట్టు అణిగేలా నొక్కండి.

పొద్దున లేచినప్పటికంటే సాయంత్రానికి మనిషి కొద్దిగా పొట్టి అవుతాడు. వెన్నుపూసల మధ్య మెత్తటి పొరలు బరువుకు అణుగుతాయి. మొదటిసారి సాయంత్రం కొలిస్తే తర్వాత కూడా సాయంత్రమే కొలవండి.

*బరువు.* బిడ్డను ఎత్తుకుని తల్లి నిలబడితే ఒక అంకె, తల్లి ఒక్కతే నిలబడితే ఇంకొకటి. 62.1 లోంచి 54.3 తీసేస్తే బిడ్డ 7.8 కిలోలు. మిషన్‌ను పరుపు మీద, చాప మీద పెట్టకండి, బండల మీదే పెట్టండి. మొలతాడు, వెండి కడియాలు, తడిసిన లంగోటీ కూడా బరువే. పుట్టిన బరువు అయిదో నెలకు రెండింతలు, ఏడాదికి మూడింతలు అవుతుందన్నది మోటు లెక్క.

*దండ చుట్టుకొలత.* ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు వాళ్లకు. ఎడమ చేతికి, భుజం కొసకూ మోచేతికీ సరిగ్గా మధ్యలో. అంగన్‌వాడీలో రంగుల పట్టీ ఉంటుంది, అడిగి వాడండి. 12.5 సెంటీమీటర్లకు తగ్గితే ఒక మోస్తరు పోషకాహార లోపం, 11.5 కన్నా తగ్గితే తీవ్రమైనది. పట్టీని కండ నొక్కుకుపోయేలా బిగించడం అందరూ చేసే తప్పు.

సరిగ్గా కొలిచారా అని చూసుకోవడానికి మూడు దారులు. ఒకటి, ప్రతిదీ మూడుసార్లు కొలవండి. ఎత్తులో అర సెంటీమీటరు కన్నా ఎక్కువ తేడా వస్తే మళ్లీ మొదటికి రండి. రెండు, మీ స్నేహితురాలి చేత మీ అంకె చూపించకుండా కొలిపించండి. మూడు, కొలతకు అర్థం ఉందా అని ఆలోచించండి. అయిదేళ్ల నుంచి యుక్తవయసు వచ్చేదాకా పిల్లలు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు. నెలలో నాలుగు పెరిగినట్టు వస్తే పిల్లవాడు పెరగలేదు, మీ పుస్తకం వంకరగా పట్టారు.

ఎదుగుదల చార్టు మీద మీ కొలతను చుక్కగా పెట్టేటప్పుడు అబ్బాయిలది, అమ్మాయిలది వేరని మరిచిపోకండి. అయిదేళ్లలోపు వాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన చార్టు వాడండి. దానికోసం ఆరు దేశాల పిల్లల్ని కొలిచారు, మన దేశమూ అందులో ఉంది. ఆపైన 18 ఏళ్ల వరకు మన పిల్లల డాక్టర్ల సంఘం 2015లో ఇచ్చినది ఉంది. ఒక్క చుక్కతో ఏమీ తేలదు. కింద గీత మీద ఉన్న బిడ్డ అదే గీత వెంట పెరుగుతూ పోతే నిశ్చింత. పై గీతలో ఉన్నది కిందికి జారుతూ వస్తే ఆలోచించాలి. అమ్మానాన్న ఎంత ఎత్తో కూడా అడగండి. ఇద్దరి ఎత్తులూ కలిపి, అబ్బాయయితే 13 కూడి, అమ్మాయయితే 13 తీసి, సగం చేయండి. నాన్న 168, అమ్మ 154 అయితే పెద్దయ్యాక కొడుకు 167.5 దగ్గర, కూతురు 154.5 దగ్గర తేలతారు. ఎనిమిది సెంటీమీటర్లు అటూఇటూ సహజమే.

ఒక మనిషిని ఏళ్ల తరబడి కొలిచి రాసిన మొదటి లెక్కల్లో ఒకటి ఫ్రాన్స్‌లో మాంట్‌బేయార్ అనే ఒక తండ్రిది. 1759లో పుట్టిన కొడుకును 1777 దాకా ఆరు నెలలకోసారి కొలుస్తూ పోయాడు. కౌమారంలో పిల్లవాడు ఒక్కసారిగా సాగడం ఈరోజుకీ ఆ లెక్కను గ్రాఫు గీస్తే కనిపిస్తుంది. ఆయన దగ్గర ఉన్నదీ టేపూ ఓపికా, అంతే.

మెట్టు 4. చూసింది చూసినట్టు రాయండి

పెన్నుతో రాయమన్నది ఇందుకే. పెన్సిలైతే ఇంటికెళ్లాక దిద్దుకోవాలనిపిస్తుంది. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన రాయండి, చెరపకండి.

పసిబిడ్డ దగ్గర పది నిమిషాలు కదలకుండా కూర్చుని, నిమిషం నిమిషం రాయండి. నేను ఎక్కువగా దిద్దాల్సి వచ్చే రకం ఇది:

"పాప చాలా చురుకైనది, తెలివైనది. బొమ్మ కోసం మారాం చేసింది."

ఇందులో చూసింది ఒక్కటీ లేదు, అనుకున్నదే అంతా. అదే పాపను ఇంకో విద్యార్థిని రాసింది చూడండి:

"4.10. బొమ్మ చాప చివర ఉంది. చేయి చాచింది, అందలేదు. అవ్వ వైపు చూసి 'ఆ, ఆ' అంది. అవ్వ కదల్లేదు. చాప అంచు పట్టుకుని లాగింది. బొమ్మ దగ్గరికి వచ్చింది. బొమ్మ నోట్లో పెట్టుకుంది."

ఒక పనిని ఇంకో పని కోసం వాడుకోవడం, అంటే బొమ్మ కోసం చాపను లాగడం, పిల్లల ఆలోచన ఎట్లా ఎదుగుతుందో దశలుగా చెప్పిన పియాజే లెక్కలో మొదటిదైన ఇంద్రియ చాలక దశలో (చూసీ, తాకీ, కదిలీ నేర్చుకునే దశలో) పెద్ద మలుపు, సుమారు ఎనిమిది నుంచి పన్నెండు నెలల మధ్య వస్తుంది. రెండో అమ్మాయికి ఆ రోజుకు ఆ సంగతి తెలియదు. అయినా నోటుబుక్కులో దొరికింది. మొదటి అమ్మాయికి పియాజే కంఠతా వచ్చు, అయినా దొరకలేదు.

మాటలను కూడా బిడ్డ అన్నట్టే రాయండి. "బువ్వొద్దు" అంటే "బువ్వొద్దు" అనే రాయాలి, "నాకు అన్నం వద్దు అని చెప్పింది" అని పుస్తకం తెలుగులోకి మార్చకండి. సుమారు ఏడాదికి ఒక మాట, రెండేళ్లకు రెండు మాటలు జతచేయడం అన్న లెక్క మీరు చూడాలంటే అసలు మాట కావాలి. ఇంట్లో తమిళం కలిసి ఉంటే, చిత్తూరు, నగరి, పుత్తూరు పక్క ఇది మామూలే, రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టండి. తెలుగు మాటలే లెక్కపెడితే బిడ్డకు మాటలు తక్కువని తప్పుగా తేలుతుంది.

నడక, పాకుడు విషయంలో ఒక హెచ్చరిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల్ని చూసి ఇచ్చిన లెక్కలో, ఊతం లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. ఊతం లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 మధ్య. ఆ పిల్లల్లో నూటికి నలుగురు అసలు పాకకుండానే లేచి నడిచారు. గైడులో "12 నెలలు" అని ఒక్క అంకె ఉంటే అది నడుమ అంకె, గడువు కాదు.

మెట్టు 5. చిన్న చిన్న పనులు పెట్టి చూడండి

*ఏడాదిలోపు బిడ్డతో:* తాళాల గుత్తి చూపించి, బిడ్డ చూస్తుండగానే తువ్వాలు కింద దాచండి. తువ్వాలు లాగుతుందా, ఏమీ లేనట్టు ఊరుకుంటుందా? ఎనిమిదో నెల దగ్గర లాగడం మొదలవుతుంది. గుత్తి చప్పుడు కాకుండా చూసుకోండి. చప్పుడైతే బిడ్డ వెతికేది చప్పుడును.

*నాలుగేళ్ల పాపతో:* బొమ్మలతో కథ చెప్పండి. "అక్క లడ్డూని డబ్బాలో పెట్టి కాలేజీకి పోయింది. తమ్ముడు దాన్ని తీసి ఫ్రిజ్జులో పెట్టినాడు. అక్క చూడలేదు. ఇప్పుడు అక్క వచ్చి లడ్డూ కోసం ముందు ఎక్కడ చూస్తాది?" డబ్బా అంటే, ఎదుటి మనిషికి తనకు తెలిసింది తెలియకపోవచ్చని పాపకు అర్థమైనట్టు. ఫ్రిజ్జు అంటే ఇంకా కాలేదు. 1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు దీన్ని చాక్లెట్‌తో చేశారు, మనకు లడ్డూ ఉండనే ఉంది. నాలుగేళ్ల అటూఇటూ ఇది మారుతుంది. తర్వాత తప్పకుండా ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: "అక్క మొదట ఎక్కడ పెట్టింది? ఇప్పుడు ఎక్కడుంది?" వీటికే తప్పు చెబితే పాప కథ మరిచిపోయిందని అర్థం, ఆ జవాబును లెక్కలోకి తీసుకోకండి. లడ్డూ నిజంగా తెస్తే పని ముగిశాక ఇవ్వండి, ముందు ఇస్తే కథ ఎవరూ వినరు.

*నాలుగేళ్ల పాపతోనూ ఎనిమిదేళ్ల పిల్లవాడితోనూ:* మజ్జిగ. గ్లాసు మారినా మజ్జిగ అంతే ఉంటుందని పిల్లలకు తెలుసా అని చూడడానికి. ఒకే రకం గ్లాసులు రెండింట్లో సమానంగా పోయండి. ఒకే మాదిరి ఉందని పిల్లలకు అనిపించేదాకా సరిచేయండి. కొంచెం పోయమంటే పోయండి, తీయమంటే తీయండి. తర్వాత ఒకదాన్ని పొడుగు గ్లాసులోకి వంచి అడగండి.

అసలు తప్పంతా అడిగే తీరులోనే ఉంది. "దేంట్లో ఎక్కువుంది?" అంటే ఏదో ఒకటి చూపించక తప్పదని పిల్లలకు అనిపిస్తుంది. "దీంట్లో ఎక్కువుందా, దాంట్లో ఎక్కువుందా, రెండింట్లో ఒకే మాదిరి ఉందా?" అని మూడూ కలిపి అడగండి. 'సమానం' అన్న మాట బళ్లో లెక్కల మాట, నాలుగేళ్ల పాపకు "ఒకే మాదిరి" అంటేనే తెలుస్తుంది. ఇంకో మెలిక, పెద్దవాళ్లు ఒకే ప్రశ్న రెండోసారి అడిగితే, మొదటి జవాబు తప్పయిందేమో అనుకుని పిల్లలు మార్చేస్తారు. వంచక ముందూ, వంచాకా రెండుసార్లు అడగకుండా, వంచాక ఒక్కసారే అడిగితే సరైన జవాబులు పెరిగాయని 1974లో రోజ్, బ్లాంక్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. కాబట్టి వంచక ముందు ఈ ప్రశ్న అడగకండి, పిల్లలు చెప్పినట్టు పోసి, తీసి సరిచేస్తే చాలు. జవాబు కన్నా ముఖ్యం తర్వాత వచ్చే "ఎందుకని?" అన్నది. "అదే మజ్జిగ గదా, మళ్లీ దీంట్లో పోస్తే ఇంతే వస్తుంది" అని ఎనిమిదేళ్ల వాడంటే, ఆ ఒక్క వాక్యం మీ రికార్డులో పేజీ విలువ చేస్తుంది.

*పదిహేనేళ్లవాళ్లతో:* టేపు బయటికి తీయకండి. ఒళ్లు పెరిగే వయసు, సిగ్గుపడే వయసు. ఎత్తు వాళ్లే కొలుచుకుని చెబితే రాసుకోండి. శరీరంలో వచ్చే ఇతర మార్పుల గురించి అడగడం మీ పని కాదు. పెద్దవాళ్లు పక్కన లేకుండా, తలుపు తీసి ఉంచి, వరండాలో కూర్చుని మాట్లాడండి. మూడే ప్రశ్నలు: ఏం అవుదామనుకుంటున్నావు, ఆ ఆలోచన ఎట్లా వచ్చింది, ఇంకేమైనా ఆలోచించి వదిలేశావా. మన ఊరి పిల్లల్లో చాలామంది "డాక్టరు" అని ఠక్కున చెబుతారు. మూడో ప్రశ్నకు "ఇంకేం ఆలోచించలేదు, నాన్న అన్నాడు" అంటే, వెతక్కుండానే నిర్ణయం తీసుకున్న స్థితి అని మార్సియా అనే మనస్తత్వవేత్త చెప్పిన మాట గుర్తుకు తెచ్చుకోండి. తెచ్చుకోండి అన్నాను, ఆ పిల్లతో అనకండి.

*నలభై దాటినవాళ్లతో:* ఒక అడ్డగీత గీసి, పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా జీవితంలో మలుపులు గుర్తుపెట్టమనండి. గీత పైన మంచివి, కింద కష్టమైనవి. ఇరవై నిమిషాల పని. వాళ్లు గీత కింద ఆగిపోతే "తర్వాత?" అని తొందర పెట్టకండి.

*అవ్వాతాతలతో:* ఎత్తు కొలవండి, పెళ్లి నాటి ఎత్తు ఎవరికైనా తెలిస్తే రాయండి. నలభై దాటాక పదేళ్లకు సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 12 దాటితే పడిపోయే ప్రమాదం ఉందని ఇంట్లోవాళ్లకు చెప్పాలి. కళ్లు తిరుగుతాయన్నవాళ్లతో ఇది వద్దు. చేస్తున్నంతసేపూ మీరు పక్కనే నడవండి, వాచీ ఇంకొకరికి ఇవ్వండి.

ఫోన్ వాడడం రాలేదని "గ్రహణశక్తి తగ్గింది" అని రాసిన రికార్డు ఒకటి నాకింకా గుర్తుంది. ఆ అవ్వే చేటలో చెనక్కాయలు ఆడించి, విత్తనానికి పనికొచ్చేవి ఏవో చూపుతోనే వేరుచేసిందట, అది రాయలేదు. కొత్తదాన్ని వేగంగా పట్టుకునే శక్తి వయసుతో తగ్గుతుంది. అనుభవంతో కూడబెట్టిన తెలివి చాలాకాలం నిలుస్తుంది, పెరుగుతుంది కూడా. కాటెల్ అనే మనస్తత్వవేత్త ఈ రెండింటినీ వేరుచేసి చెప్పాడు. రెండింటికీ ఒక్కొక్క పని పెట్టి చూడండి. వినికిడి తక్కువైతే బాగా వినిపించే చెవి వైపు కూర్చోండి. వినబడక చెప్పని జవాబు మరుపు కిందికి రాదు.

మెట్టు 6. ఇప్పుడు పుస్తకం తెరవండి

ఒక్కొక్కరికి రెండు పేజీలు. ఎడమ పేజీలో మీరు చూసింది. కుడి పేజీలో ఏ సిద్ధాంతం దాన్ని విడమరిచి చెబుతుందో, ఎక్కడ కుదరలేదో. 'కుదరలేదు' అన్న గడి ఖాళీగా ఉంటే మీరు సరిగా చూడలేదనే నేను అనుకుంటాను.

పుట్టుక నుంచి ముసలితనం దాకా మనిషి జీవితాన్ని ఎరిక్‌సన్ పంచిన ఎనిమిది దశలనూ ఆరుగురి మీద పరచండి, రెండు ఖాళీలు మిగులుతాయి: ఒకటి నుంచి మూడేళ్ల లోపు, ఇరవైల్లో ఉన్నవాళ్లు. మొదటిదానికి అంగన్‌వాడీకి ఒక పూట వెళ్లండి, రెండోదానికి మీరే ఉన్నారు.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు ఒకటుంది. పదిహేనేళ్ల మనవరాలు 160 సెంటీమీటర్లు, అవ్వ 147. "వయసుతో 13 సెంటీమీటర్లు తగ్గింది" అని రాయకండి. అవ్వ పెరిగిన రోజుల్లో తిండి వేరు, జబ్బులు వేరు, చదువు రెండో తరగతితో ఆగింది. వేర్వేరు వయసులవాళ్లను ఒకేసారి పోల్చడం తిర్యక్ పద్ధతి. అందులో వయసు తేడా, తరం తేడా కలిసిపోయి ఉంటాయి. అదే మనుషుల్ని ఏళ్ల తరబడి చూడడం అనుదైర్ఘ్య పద్ధతి. పరీక్షలో ఈ రెండింటి తేడా అడుగుతారు, అవ్వా మనవరాలి ఉదాహరణే రాయండి.

మెట్టు 7. సరిచూసుకోండి

మీరూ మీ స్నేహితురాలూ ఒకే బిడ్డను పది నిమిషాలు, ప్రతి 30 సెకన్లకు ఒకసారి చూసి, ఆడుతోంది, చూస్తోంది, ఏడుస్తోంది, మాట్లాడుతోంది అని నాలుగు గుర్తుల్లో ఒకటి పెట్టండి. 20 గడులు వస్తాయి. ఇద్దరివీ ఎన్ని కలిశాయో లెక్కపెట్టి 20తో భాగించి 100తో హెచ్చించండి. 16 కలిస్తే 80 శాతం, పరవాలేదు. అంతకన్నా తగ్గితే 'ఆడుతోంది' అంటే ఏమిటో ఇద్దరూ ముందు మాట్లాడుకోండి.

ఇంకొకటి, ఇది తప్పనిసరి. మీరు విద్యార్థులు, డాక్టర్లు కాదు. "ఆలస్యం", "లోపం" అన్న మాటలు ఇంట్లో వాడకండి. అయితే కొన్ని చూసి ఊరుకోకూడదు. మూడు నెలలు నిండినా మనిషిని చూసి నవ్వకపోవడం, 18 నెలలకు నడవకపోవడం, 16 నెలలకు ఒక్క మాటా లేకపోవడం, వచ్చిన మాటలో పనులో ఏ వయసులోనైనా పోవడం. వీటిలో ఏది కనిపించినా మీ టీచరుకు చెప్పండి, తల్లిని అంగన్‌వాడీ టీచరుతోనో పీహెచ్‌సీ డాక్టరుతోనో మాట్లాడమనండి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు ఉచితంగా పరీక్షించే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే 2013 నుంచి ఉంది.

మెట్టు 8. ఆరు నెలల తర్వాతి తేదీ ఇప్పుడే రాసుకోండి

క్యాలెండర్లో గుర్తు పెట్టి, అదే ఇళ్లకు, అదే పొద్దుకు, అదే టేపుతో వెళ్లండి. గోడమీద గీసిన గీత సున్నం వేసి చెరిపేసి ఉంటారు, అందుకే కొలతను నేల నుంచి అంకెల్లో రాసిపెట్టుకోవాలి. పసిబిడ్డ ఈసారికి మిమ్మల్ని చూసి ఏడవచ్చు. అది కొత్తవాళ్లంటే భయం, ఎనిమిదీ తొమ్మిది నెలల దగ్గర మొదలవుతుంది, దాన్నీ తేదీతో రాసుకోండి. రెండోసారి వచ్చినవాళ్లను మన ఊళ్లో ఊరికే పంపరు, అన్నం పెడతారు, కాదనకండి. పిల్లల బరువు మాత్రం విస్తరి వేయకముందే చూసేయండి.